‘ఉమామి’ని తెలుగులో ఏమనాలి? కమ్మదనం అంటే సరిపోతుందా?

అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం ఇంట్లో చికెన్, షిటాకే పుట్టగొడుగులు, సోయా సాస్‌తో ఉడాన్ చేశాను. ఉడాన్ అంటే జపాన్ వాళ్ల లావుపాటి గోధుమ నూడుల్స్. మన చారులా పల్చటి వేడి రసంలో వేసుకుని తింటారు. మా అత్తయ్యగారు ఒక గుక్క తాగి, “కారం లేదు, చింతపండు లేదు, పోపు లేదు. మరి చప్పగా ఎందుకు లేదే?” అన్నారు. ఆ రుచికి జపాన్ వాళ్ల పేరు ‘ఉమామి’. ఆ మాట చెప్పబోయి ఆగిపోయాను. ఉగాది పచ్చడిలోని ఆరు రుచులూ లెక్కపెట్టి చూసినా ఇది దొరకలేదు. చివరికి “కమ్మదనం అండీ” అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. “కమ్మగా ఉండేది నెయ్యి. ఇది కమ్మన కాదు, ఇంకేదో” అన్నారు. ఎవరి మాట రైటు?

—

మీ అత్తయ్యగారి మాటే రైటు. ‘కమ్మ’ అసలు ముక్కుకు చెందిన మాట. కమ్మతెమ్మెర, కమ్మతావి అన్నప్పుడు అందులో ఉన్నది సువాసన. తర్వాత అది చెవికీ పాకింది, కమ్మని పాట అంటున్నాం. నాలుక దగ్గరికి వచ్చేసరికి ఇంకో మెలిక ఉంది. “పెరుగు కమ్మగా ఉంది” అంటే అది పులవలేదని. అంటే ఒక రుచి లేకపోవడాన్ని మెచ్చుకుంటున్నాం. ఉమామి అలా కాదు కదా, నాలుక మీద ఒకటి ఉందని చెప్పే మాట.

—

ఇంత చర్చ ఎందుకండీ, ‘ఏడో రుచి’ అంటే పోలా?

—

పోదు తమ్ముడూ. మన ఆరింటిలో కారం ఉంది. శాస్త్రం దాన్ని రుచిగా లెక్కపెట్టదు, మంట అంటుంది. వగరునూ పక్కన పెడుతుంది. వాళ్ల లెక్కలో తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఆ తర్వాత ఉమామి, మొత్తం 5. మన వరసకు కొసన తగిలిస్తే రెండు లెక్కలూ చెడతాయి.

—

ఉమామి కూడా పాతకాలపు మాటేం కాదు. టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీలో రసాయన శాస్త్రవేత్త కికునాయె ఇకెడా 1908లో కొంబు అనే సముద్రపు నాచు నుంచి గ్లుటమేట్ అనే పదార్థాన్ని వేరుచేసి, దాని రుచికి పెట్టిన పేరు అది. ‘ఉమాయ్’ అంటే రుచిగా ఉంది, ‘మి’ అంటే రుచి. మన మాటల్లో చెప్పాలంటే రుచైన రుచి! చాలా సాదా పేరు. మరుసటి ఏడాదే ఆ గ్లుటమేట్ అజినొమోటో పేరుతో పొడిగా అమ్మకానికి వచ్చింది.

మీ గిన్నె సంగతికి వస్తే, 1913లో షింతారో కొడామా ఎండబెట్టిన చేపలో ఇనోసినేట్ అనే, ఇదే రుచినిచ్చే ఇంకో పదార్థాన్ని పట్టుకున్నారు. అది కోడిమాంసంలోనూ ఉంటుంది. ఎండు షిటాకేలో ఉండేది గ్వానిలేట్. దాని రుచి సంగతి అకిరా కునినాకా 1950లలో తేల్చారు. ఇవి గ్లుటమేట్‌తో కలిస్తే రుచి కూడిక కాదు, గుణకారం. గ్లుటమేట్ ఉన్న సోయా సాస్, చికెన్, పుట్టగొడుగు మూడూ ఒకేచోట పడ్డాయి కాబట్టే పోపు లేకపోయినా చప్పగా లేదు. బాగా పండిన టమాటాలోనూ గ్లుటమేట్ ఉంటుంది. ఆ లెక్కన టమాటా చారులో మీ అత్తయ్యగారికి ఈ రుచి పాత పరిచయమే.

—

కొంచెం పక్కదారి, క్షమించాలి. జపాన్‌లో పుట్టగొడుగును ‘కినోకో’ అంటారు, చెట్టు బిడ్డ అని అర్థం. షిటాకే అంటే షీ చెట్టు పుట్టగొడుగు. వాళ్లకు చెట్టు కనిపించింది, మనకు చెదపుట్ట కనిపించింది. తొలకరి తర్వాత పుట్టల మీద లేచే జాతి నిజంగానే ఉంది కాబట్టి మన పేరు కవిత్వం కాదు, గుర్తు.

—

అడిగినదాన్నే మళ్లీ వచ్చాను. కమ్మదనం వెనక్కి తీసుకుంటున్నాను. ఇప్పుడు అసలు చిక్కు చెబుతా. నేను చేసిన పద్ధతి ఇది. 5 ఎండు షిటాకేలు, ఒక చిన్న కొంబు ముక్క 4 కప్పుల చన్నీళ్లలో వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున సన్నసెగ మీద వేడిచేసి, మరగబోయే ముందు కొంబు తీసేశాను. మరిగితే జిగురు, నీచు వాసన వస్తాయి. తర్వాత పావుకిలో చికెన్ ముక్కలు, కోసిన షిటాకే, సోయా సాస్, చిటికెడు పంచదార, ఉల్లికాడలు. ఉడాన్ విడిగా ఉడికించి, గంజి పోయేలా చన్నీళ్లలో కడిగి ఆఖర్న వేశాను. ఆ మొదటి నీళ్లను జపాన్ వాళ్లు ‘దాషి’ అంటారు. మా అక్కకు తెలుగులో రాసి పంపుతూ ‘స్టాక్’ అని రాశాను. మనసొప్పలేదు. ‘కట్టు’ అనొచ్చా?

—

కట్టు వద్దండి. అది పప్పు ఉడికించి పైన తేర్చిన నీళ్లు, అందులో మరగడం ఉంది. మీరు మరగనివ్వలేదుగా. దాషి అంటే ‘బయటికి తీసినది’. దానికి మన దగ్గర తయారుగా ఉన్న మాట ఊట. మాగాయ పెట్టేటప్పుడు ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి మూడు రోజులు ఉంచితే జాడీలో దిగేది ఏమిటి? ఊటే కదా! ముక్కలు ఎండబెడతాం గానీ ఊట పారబోస్తామా? షిటాకేను ముందే ఎండబెట్టారు, ఆపైన ఊరబెట్టారు. వరస తిరగబడింది, పని అదే. ఊరు అన్న క్రియ ఎంత దూరం పోతుందో చూడండి. ముక్క ఊరుతుంది, బావి ఊరుతుంది, నోరూ ఊరుతుంది. ఉమామికి మాట దొరక్కపోతే ఆ మాటే వాడుకోండి, సోయాను వాడుకోవట్లేదా? దాషికి మాత్రం అరువు అక్కర్లేదు.

—

మా దిక్కు ఊట అంటే ముందు చెలిమె యాదికొస్తది అన్నా. అయినా బాగుంది. ‘పుట్టగొడుగుల ఊట’ అని జోడించి చెప్తే తికమక ఉండదు.

—

‘పుట్టగొడుగుల ఊట’ ఖాయం చేసి అక్కకు మళ్లీ పంపాను. అత్తయ్యగారికీ చెప్పాను. “ఊట అని మొదటే అనుంటే నాకు అర్థమయ్యేది కదే” అన్నారు. ఇప్పుడు ఆ తీసేసిన కొంబు ముక్కను సన్నగా తరిగి నువ్వులతో వేయించమంటున్నారు.