పిల్లల గోడపత్రికకు సామాన్యుల చరిత్ర: ఏయే విషయాలు రాయవచ్చు?

అక్షరబంధు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా గ్రంథాలయంలో తొమ్మిది నుంచి పదకొండేళ్ళ పిల్లల కోసం నెలకొక గోడపత్రిక నడుపుతున్నాము. రాజులు, యుద్ధాలు, పట్టాభిషేకాల తేదీలు అనగానే మొహం తిప్పుకునే పిల్లలే, పూర్వం జనం ఉదయాన్నే ఎలా నిద్ర లేచేవారు, ఉత్తరాలు ఎలా పంపుకునేవారు, బడిలో దేనిమీద రాసేవారు అన్న మాట వస్తే చెవులు రిక్కించి వింటున్నారు. అందువల్ల రాబోయే కొన్ని సంచికలను వివిధ దేశాల సామాన్యుల దైనందిన జీవితానికి కేటాయించాలనుకుంటున్నాము. అంతర్జాలంలో ఇటువంటి వింతలు కుప్పలుతెప్పలుగా దొరుకుతున్నాయి గాని, వాటిలో నిజమెంతో కల్పనెంతో తేలడం లేదు. పైగా పాతకాలంవారి తెలివితక్కువతనాన్ని చూపి నవ్వించడమే చాలావాటి ఉద్దేశం. చదివిన పిల్లవాడు ముందు ఆశ్చర్యపోయి, తరువాత కాసేపు ఆలోచిస్తే కారణాన్ని తానే పట్టుకోగలిగే విషయాలుంటే దయచేసి సూచించగలరు.

గంటలపేట

కాలం అన్న ఒక్క అంశంతోనే మీకు ఒక సంచిక నిండిపోతుంది. పంతొమ్మిదో శతాబ్దం తొలి దశాబ్దాలలో ఇంగ్లండులో ఏ ఊరి సమయం ఆ ఊరిదే. లండనుకు పడమరగా ఉన్న బ్రిస్టల్ నగరంలో మధ్యాహ్నం పది నిమిషాలు ఆలస్యంగా అయ్యేది. గుర్రపుబండ్లలో తిరిగినంతకాలం ఈ తేడా ఎవరికీ పట్టలేదు. రైళ్ళు వచ్చాకనే చిక్కు మొదలైంది. గ్రేట్ వెస్టర్న్ రైల్వే 1840లో తన మార్గమంతటా లండన్ సమయాన్నే అమలు చేయగా, బ్రిస్టల్ వారు తమ సమయాన్ని వెంటనే వదులుకోలేదు. ఫలితంగా అక్కడి కార్న్ ఎక్స్ఛేంజి (ధాన్యపు వర్తకుల) భవనం గడియారానికి నిమిషాల ముళ్ళు రెండు వచ్చాయి; అవి ఈనాటికీ ఉన్నాయి. దేశమంతటికీ ఒకే సమయమన్న చట్టం 1880లో గాని రాలేదు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుందని చెప్పి, అట్లాసు చేతికిస్తే ఆ పది నిమిషాల లెక్కను పిల్లలే కట్టగలరు.

దీనికి జతగా రూత్ బెల్‌విల్ కథ తప్పక వేయండి. ఆవిడ సమయాన్ని అమ్మి బ్రతికింది. వారానికొకసారి లండను దగ్గరి గ్రీనిచ్ ఖగోళ వేధశాలకు వెళ్ళి, తన జేబు గడియారాన్ని అక్కడి ప్రధాన గడియారంతో సరిచూపించుకుని, ధ్రువపత్రం తీసుకుని, లండన్ నగరంలోని చందాదారుల దుకాణాలకు, కార్యాలయాలకు వెళ్ళి వారి గడియారాలను సరిచేసుకోనిచ్చేది. తండ్రి 1836లో మొదలుపెట్టిన ఈ వృత్తిని ఆయన తరువాత తల్లి, ఆమె తరువాత 1892 నుంచి రూత్ కొనసాగించారు. ఆ గడియారాన్ని తయారుచేసిన పనివాడి పేరు జాన్ ఆర్నాల్డ్ కాబట్టి ఇంట్లో దానికి కూడా ఆర్నాల్డ్ అనే పేరు. తంతి ద్వారా సమయం పంపే సంస్థలు పోటీకి వచ్చినా, 1936లో టెలిఫోనులో సమయం చెప్పే ఏర్పాటు జరిగినా ఆమె వ్యాపారం ఆగలేదు. 1940లో వృద్ధాప్యంలోగాని విరమించలేదు.

ఫ్యాక్టరీ ఊళ్ళలో కూలి తీసుకుని నిద్రలేపేవారి గురించి మీకు తెలిసే ఉంటుంది. పొడవాటి కర్రతో మేడమీది కిటికీని తట్టేవారు. తూర్పు లండనులో మేరీ స్మిత్ అనే ఆవిడ గొట్టంతో ఎండు బఠాణీలు ఊది అద్దానికి కొట్టేది. తలుపు గట్టిగా బాదితే డబ్బివ్వని పక్కింటివాళ్ళు కూడా లేస్తారు కదా!

తూర్పుగాలి

పై సూచనకు ఒక చేర్పు. జపానులో 1873 వరకు పగటిని ఆరు భాగాలుగా, రాత్రిని ఆరు భాగాలుగా విభజించేవారు. కాబట్టి ఎండాకాలంలో పగటి గంట పొడవుగానూ, చలికాలంలో పొట్టిగానూ ఉండేది. అంకెలు కూడా మధ్యాహ్నం తొమ్మిదితో మొదలై ఎనిమిది, ఏడు అంటూ నాలుగు దాకా దిగి, అర్ధరాత్రికి మళ్ళీ తొమ్మిది అయ్యేవి. యూరపు నుంచి వచ్చిన యాంత్రిక గడియారాన్ని అక్కడి పనివారు ఈ పద్ధతికి అనుగుణంగా మార్చుకున్నారు. సూర్యుణ్ణి బట్టి లేచి, సూర్యుణ్ణి బట్టి పని ముగించే రైతుకు ఇందులో అసౌకర్యమేముందో పిల్లలనే అడగండి.

పాత తపాలా

ఉత్తరాల సంగతి కూడా వదలవద్దు. బ్రిటన్‌లో 1840కి ముందు తపాలా రుసుమును సాధారణంగా ఉత్తరం అందుకున్నవారే చెల్లించేవారు. దూరాన్ని బట్టి, కాగితాల సంఖ్యను బట్టి రుసుము పెరిగేది. కవరు వాడితే అదీ ఇంకొక కాగితం కిందే లెక్క. అందుకే కాగితాన్నే మడిచి లక్కముద్ర వేసేవారు. కాగితం నిండాక దానిని అడ్డంగా తిప్పి, రాసిన వరుసల మీదుగానే మళ్ళీ రాసేవారు. మీ పిల్లలతో ఒకసారి ఇలా రాయించి, పక్కవారిచేత చదివించండి; మొదట గజిబిజిగా కనిపించినా, ఒకే దిశను పట్టుకుని చూస్తే వాక్యం తేలుతుంది.

అమెరికాలో 1913 జనవరి 1న పార్సెల్ తపాలా మొదలయ్యాక కొందరు తల్లిదండ్రులు పిల్లలనే పంపించారు. 1914 ఫిబ్రవరిలో ఐడహో రాష్ట్రంలో మే పియర్‌స్టార్ఫ్ అనే ఆరేళ్ళలోపు పాపను 53 సెంట్ల స్టాంపులతో అవ్వగారింటికి రైలులో పంపారు. రైలు టికెట్టు కంటే అది చవక!

సందేహజీవి

పాత తపాలా గారు చెప్పినది నిజమే గాని, ఆ పాప ఒంటరిగా సంచిలో కూర్చుని వెళ్ళలేదని కూడా రాయాలి. తపాలా బోగీలో పనిచేసే బంధువు ఆమె వెంట ఉన్నాడు. పోస్ట్‌మ్యాన్ సంచిలో పసిబిడ్డ ఉన్న ఫోటో సరదాకు తీయించినది. దానిని సాక్ష్యంగా వేయవద్దు.

అలాగే మధ్యయుగాల యూరపులో ఎవరూ స్నానం చేసేవారు కాదన్న మాట ప్రతిచోటా కనిపిస్తుంది. పదమూడో శతాబ్దపు పారిస్‌లో స్నానశాలలవారికి వృత్తిసంఘమే ఉండేది. నీళ్ళు కాగాయని వీధుల్లో కేకవేసి చెప్పేవారు. తెల్లవారకముందు కేకవేయరాదని ఆ సంఘపు నియమం. చీకట్లో బయలుదేరిన మనుషులకు దారిలో ప్రమాదం జరగవచ్చునని కారణం కూడా చెప్పారు. అబద్ధపు వింత కంటే ఈ నియమమే నాకు ఎక్కువ ఆసక్తికరంగా తోచింది.

అక్షరబంధు

ధన్యవాదాలు. గడియారాల సంచికనే ముందు తెస్తాము. పెద్దలు పిల్లల గురించి రాసినవి కాక, ఆనాటి పిల్లలు స్వయంగా చేసినవి ఏమైనా మిగిలి ఉన్నాయా?

మట్టిపలక

ఉన్నాయి. రష్యాలోని నొవ్‌గొరొద్‌లో 1956లో బయటపడిన భూర్జపత్రాలను (భూర్జవృక్షపు బెరడు ముక్కలను) చూడండి. పదమూడో శతాబ్దంలో అక్కడ ఆన్‌ఫీమ్ అనే ఆరేడేళ్ళ బాలుడు మొనదేలిన పనిముట్టుతో బెరడు మీద గీసి అక్షరాలు దిద్దుకున్నాడు. ఒకచోట వర్ణమాల మొదలుపెట్టి, పదకొండు అక్షరాలకే విసిగి, గుర్రమెక్కి శత్రువును ఈటెతో పొడుస్తున్న వీరుణ్ణి గీశాడు. పక్కనే తన పేరు రాసుకున్నాడు. అతని మనుషుల చేతులకు వేళ్ళు ఒక్కొక్కరికి ఒక్కొక్క లెక్కలో ఉంటాయి. ఇంకొకచోట వింతజంతువును గీసి, "నేను క్రూరమృగాన్ని" అని రాశాడు.

అంతకంటే చాలా పాతవి కావాలంటే, ఇరాక్‌లోని నిప్పుర్‌లో సుమారు 3,700 ఏళ్ళ కిందటి బడి పలకలున్నాయి. గురువు పచ్చిమట్టి మీద ఒక భాగంలో రాసిస్తే, శిష్యుడు మిగిలిన చోట చూసి రాసేవాడు. పని అయిపోయాక ఆ మట్టిని తడిపి కొత్త పలక చేసుకునేవారు. విరిగిన పలకలను గోడల్లో, అరుగుల్లో కూడా వాడుకున్నారు. అలా ఇటుకల స్థానంలో పడి ఉండడం వల్లనే అవి ఇన్నాళ్ళు మిగిలాయి. అచ్చువేయడానికి పనికివచ్చే ఛాయాచిత్రాలు కావాలంటే ముందు ఆన్‌ఫీమ్ గుర్రపురౌతునే ఎంచుకోండి. మట్టిపలకల మీది గీతలు ఫోటోలో పిల్లలకు అంత తేలికగా కనబడవు.