ఫొటోలో దీపం ఎదురు మూలన మళ్లీ కనిపిస్తోంది: లెన్సు పూత ఏం చేస్తుంది?

ప్రశ్న (పర్లాకిమిడి): కార్తీక పౌర్ణమి రాత్రి గుడి మెట్ల మీది ప్రమిదలను ఫొటో తీశాను. పై ఎడమ మూలనున్న కరెంటు దీపానికి సరిగ్గా ఎదురుగా, కింది కుడి మూల చీకట్లో, అదే దీపం తలకిందులుగా, పాలిపోయి కనిపిస్తోంది. లెన్సుకు పూత ఉంది. దాని ముందు చవక యూవీ ఫిల్టరు ఉంది. లోపం ఎక్కడుందో దయచేసి చెప్పగలరా?

జవాబు (బరంపురం): పూత లేని గాజు తలం తనపై పడిన వెలుగులో సుమారు 4 శాతాన్ని వెనక్కి పంపుతుంది. ఇలాంటి నీడబొమ్మ (దీపపు అదనపు ప్రతిబింబం) ఏర్పడాలంటే వెలుగు రెండుసార్లు పరావర్తనం చెందాలి కనుక, అలాంటి తలాలు రెండుంటే 0.16 శాతం మిగులుతుంది. పగలు ఇది కంటికి ఆనదు గానీ, నల్లటి ఆకాశం మీద స్పష్టంగా తెలుస్తుంది. మెగ్నీషియం ఫ్లోరైడును దాదాపు 100 నానోమీటర్ల మందాన పూస్తే, పూత పైతలం నుంచీ అడుగు నుంచీ తిరిగొచ్చే తరంగాలు ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకోవడం వల్ల పరావర్తనం 1.3 శాతానికి పడిపోతుంది. అయితే ఈ మందం ఆకుపచ్చ కాంతికి సరిపోయేది. ఎరుపు, నీలం కొంత మిగిలిపోతాయి, లెన్సును ఏటవాలుగా చూస్తే కనిపించే ఊదా మెరుపు అదే. అందుకే మంచి లెన్సులకు పలు పొరలు వేస్తారు.

జవాబు (రాయగడ): పై వివరణ సరైనదే, కానీ మీ విషయంలో నాకు అనుమానం ఫిల్టరు మీదేనండి. కెమెరాలో బొమ్మ పడే సెన్సారు నుంచి వెనుదిరిగిన వెలుగు చదునైన ఆ గాజుకు తగిలి మళ్లీ లోపలికి వస్తే, బొమ్మ కేంద్రానికి అవతల, తలకిందులుగానే పడుతుంది. ఫిల్టరు తీసి అదే చోటి నుంచి మరో ఫొటో తీసి చూడండి.

ప్రశ్న వేసినవారు: నిన్న తీసి చూశాను, కింది మూల శుభ్రంగా ఉంది. ఇద్దరికీ కృతజ్ఞతలు.