ఎక్స్‌ఎఫ్‌సీఈలో లాగిన్ అయిన ప్రతిసారీ తెలుగు టైపింగ్ మాయమవుతోంది

మాది కావలి. 2025 అక్టోబరులో విండోస్ 10కు మద్దతు ఆగిపోయాక, 4 జీబీ ర్యామ్ ఉన్న ఇంటి ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్‌తో వేశాను. నాన్నగారు రొయ్యల చెరువుల మేత లెక్కలు లిబ్రేఆఫీస్ కాల్క్‌లో తెలుగులోనే రాసుకుంటారు. ఆయనకు అలవాటైనట్టే ప్యానెల్‌ను (విండోస్ టాస్క్‌బార్ లాంటి పట్టీ) కింద పెట్టి, దాని ఎత్తు పెంచి, అక్కర్లేని గుర్తులన్నీ తీసేశాను. హాయిగా నడుస్తోంది, ఫ్యాన్ రొద కూడా తగ్గింది.

చిక్కల్లా టైపింగ్‌తోనే. వేర్వేరు భాషల్లో టైప్ చేయడానికి వాడే ఐబస్ ప్రోగ్రాంలో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక పెట్టాను. టెర్మినల్ నుంచి ఆదేశమిచ్చి ఐబస్ డీమన్‌ను (వెనకాల నడిచే భాగం) నడిపితే చక్కగా పనిచేస్తుంది. కరెంటు పోయి (బ్యాటరీ ఎప్పుడో చచ్చింది) మళ్లీ లాగిన్ అయితే ప్యానెల్‌లో ఐబస్ గుర్తే ఉండదు. ‘మేత’ అని కొడితే సీ, ఎస్, ఎల్ అని ఇంగ్లిష్ అక్షరాలు పడతాయి. ఆయన విసుక్కుని పుస్తకం తీస్తారు.

‘సెషన్ అండ్ స్టార్టప్’లోని ఆటోస్టార్ట్ జాబితాలో (లాగిన్ కాగానే వాటంతటవే మొదలయ్యేవి) ఆ డీమన్‌ను నడిపే ఆదేశం చేర్చాలా, లేక మింట్ ఇన్‌పుట్ మెథడ్ సెట్టింగుల్లో ఐబస్‌ను ఎంచుకుంటే చాలా? రెండూ చేస్తే ఒకదానికొకటి అడ్డుపడతాయా?

ఇంకొకటి. ఫాంట్ డీపీఐని (తెరపై అక్షరాలు ఎంత పెద్దగా కనిపించాలో చెప్పే అంకె) 96 నుంచి 120కి పెంచాక కాల్క్ గడుల్లో వత్తుల అడుగు తెగిపోతోంది. వరుసల ఎత్తు పెంచడం తప్ప మార్గముందా? మళ్లీ విండోస్ వేసుకోమనే సలహా మాత్రం వద్దండి.