ఎగ్ పికప్ అంటే పొట్ట కోస్తారా?

ప్రశ్న: ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ బేబీ) చికిత్సలో ఉన్నాను, ఎల్లుండి పొద్దున నాకు ఎగ్ పికప్, అంటే అండాశయం నుంచి గుడ్లు తీయడం, అన్నారు. ఇంజెక్షన్లతో పొట్టంతా నీలం మచ్చలు పడ్డాయి, వాటికి ఎలాగో అలవాటు పడ్డాను గానీ అసలు టెన్షన్ ఇప్పుడు మొదలైంది. మా అత్తగారేమో ఆపరేషన్ అంటారు, డాక్టరుగారేమో చిన్న ప్రొసీజరమ్మా అని వెళ్లిపోయారు. పొట్ట కోస్తారా? నొప్పి తెలుస్తుందా? స్కాన్‌లో 14 ఫాలికల్స్ (గుడ్లు పెరిగే చిన్న నీటి సంచులు) ఉన్నాయన్నారు, అంటే 14 గుడ్లు వచ్చినట్టేనా?

జవాబు: కోతా లేదు, కుట్లూ లేవు తల్లీ. నేను ఐవీఎఫ్ సెంటర్ ఓటీ (ఆపరేషన్ థియేటర్)లో నర్సుని.

అన్నిటికంటే ముందు ఈ రాత్రి సంగతి చూసుకోండి. ట్రిగ్గర్ ఇంజెక్షన్ ఏ టైముకి రాసిచ్చారో కచ్చితంగా ఆ టైముకే పడాలి, ఎందుకంటే అది పడితేనే గుడ్లు పూర్తిగా పక్వానికి వచ్చి ఫాలికల్ గోడ నుంచి వదులవుతాయి, అది పడిన 34 నుంచి 36 గంటల్లో తీసేలా ఓటీ టైము పెడతారు. మరీ ముందు తీస్తే గుడ్లు పండవు, బాగా ఆలస్యమైతే అవే విడుదలైపోతాయి. టైము అటూ ఇటూ అయితే దాచకుండా వెంటనే ఫోన్ చేయండి, ఓటీ టైము సర్దే వీలుంటుంది.

ఆ రోజు పరగడుపున రావాలి, మంచినీళ్లు ఎప్పటిదాకా తాగొచ్చో మత్తు డాక్టరు చెప్తారు. గోళ్ల రంగు తీసేయండి, సెంటు కొట్టుకోకండి, ఆ వాసనలు ల్యాబ్‌లో గుడ్లకి, పిండాలకి మంచివి కావు. చేతి నరం ద్వారా మత్తు ఇస్తారు. ఫాలికల్స్ చూసిన లోపలి స్కాన్ ఉంది కదా, అదే ప్రోబ్‌కి సన్నని పొడవాటి సూది తగిలించి, యోని గోడ మీదుగా అండాశయంలోకి పంపి, ఒక్కో ఫాలికల్‌లో నీరు లాగుతారు. స్క్రీన్ మీద నల్లగా గుండ్రంగా ఉన్నది చూస్తుండగానే ముడుచుకుపోతుంది. ఆ నీరు, ఒక్కోసారి కాస్త నెత్తురు కలిసి, వెచ్చగా ఉంచిన ట్యూబులో పడుతుంది. చల్లారకుండా ల్యాబ్‌కి అందిస్తే ఎంబ్రియాలజిస్టు మైక్రోస్కోప్ కింద గుడ్డు వెతుకుతారు. అంతా కలిపి పావుగంట, అరగంట పని.

14 కనిపిస్తే 14 వస్తాయనుకోకండి. కొన్నిటిలో గుడ్డు దొరకదు, దొరికినవాటిలోనూ కొన్ని పచ్చివి. ఎన్ని ఫలదీకరణ చెందాయో మర్నాడు చెప్తారు, అందాకా ఆ అంకె ఇంట్లో అందరికీ చెప్పకపోవడమే నయం.

ఇంకొకరు: నాకూ అయింది. మత్తులో ఏమీ తెలియలేదు, లేచాక నెలసరి నొప్పిలా పొత్తికడుపు లాగింది, కొంచెం మరకలు కనిపించాయి. ఒకట్రెండు గంటలు పడుకోబెట్టి పంపేశారు. ఆ రోజు బండి మాత్రం నడపొద్దు.

జవాబు: అవును, అంతవరకు మామూలే. కానీ పొట్ట బాగా ఉబ్బి బరువు గబగబా పెరగడం, వాంతులు తగ్గకపోవడం, మూత్రం తగ్గడం, ఊపిరి ఆడకపోవడం, జ్వరం, ప్యాడ్ తడిసేంత బ్లీడింగ్, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా సెంటర్‌కి ఫోన్ చేయండి. పీసీఓడీ ఉన్నవాళ్లు, ఫాలికల్స్ ఎక్కువ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త. పికప్ అయ్యాక వారం పైన కూడా ఈ పొట్ట ఉబ్బే ఇబ్బంది రావచ్చు.

ప్రశ్న: చాలా థాంక్స్ అండీ. మావారికి ఆఫీసులో సెలవు దొరకడం కష్టం, మా అమ్మ వస్తే సరిపోతుందా?

జవాబు: తోడుకి అమ్మ చాలు. వీర్యం శాంపిల్ మాత్రం మామూలుగా అదే రోజు ఆయనే ఇవ్వాలి, ముందే ఫ్రీజ్ చేసి ఉంచితే వేరే సంగతి. అంగీకార పత్రాల మీద సంతకాలు బాకీ ఏమైనా ఉన్నాయేమో కూడా రేపే సెంటర్‌లో అడగండి.