అణు వ్యర్థాలను గాజులో బంధిస్తే లక్ష ఏళ్లు నమ్మొచ్చా?

నీటిచుక్క:
రోమన్ల గాజు సముద్రం అడుగున 1800 ఏళ్లు నిలిచింది కాబట్టి అణు వ్యర్థాలను గాజులో కలిపి భూమి లోతున పాతిపెడితే భయం లేదని చాలామంది అంటున్నారు. నాకు నమ్మకం కుదరడం లేదు. 1800 ఏళ్లెక్కడ, లక్ష ఏళ్లెక్కడ? పైగా వాళ్లది సోడా-సున్నం గాజు, ఇప్పుడు వాడేది బోరోసిలికేట్, అంటే బోరాన్ కలిపిన గాజు. ఫ్రాన్స్‌లోని మార్కూల్‌లో ఈ పని పెద్ద ఎత్తున మొదలైందే 1978లో.

ఇసుకరేణువు:
ఆ గాజు చెక్కుచెదరలేదని ఎవరైనా చెబితే అది తప్పు. ఫ్రాన్స్ దక్షిణ తీరంలో మునిగిన ఓడలోని ఆ గాజు దిమ్మలను కోసి చూస్తే బయటి అంచులు బాగా పాడయ్యాయి, లోపలి సన్నని పగుళ్లలో మాత్రం చాలా తక్కువ. ఎందుకంటే పగుళ్లలో నీరు కదలదు, గాజులోంచి కరిగిన సిలికా (ఇసుకలో ఉండే పదార్థమే) అక్కడే పేరుకుంటుంది, గాజు మీద జెల్ లాంటి పొర కట్టి నీటిని అడ్డుకుంటుంది, దాంతో కరిగే వేగం మొదట్లో ఉన్నదాంట్లో వెయ్యో వంతుకో ఇంకా కిందికో పడిపోతుంది. ల్యాబ్‌లో కట్టిన లెక్క ఈ పాత గాజుకీ సరిపోయింది. నాకు ధైర్యం ఇచ్చేది అదే.

తీరం:
ఆ పొర ఎప్పటికీ ఉంటుందనుకోకండి. నీటిలో క్షారగుణం బాగా పెరిగితే జియోలైట్లనే స్ఫటికాలు పుట్టి, జెల్‌లోని సిలికానూ అల్యూమినియాన్నీ లాగేసుకుంటాయి, గాజు మళ్లీ వేగంగా కరుగుతుంది. వ్యర్థాలను పాతిపెట్టే సొరంగంలో వాడే సిమెంటు నీటిని అలా మార్చగలదు. స్టీలు సంగతి ఇంకోటి. గాజుని నింపే పాత్రది, అంటే గాజుకి ఆనుకున్న స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పడితే ఆ ఇరుకు సందులో నీరు ఆమ్లంగా మారి గాజుని ఇంకా త్వరగా తింటుందని 2020లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు చూపించారు.

ఇసుకరేణువు:
ఆ ప్రయోగం వేడి ఉప్పునీటిలో చేసింది, అన్ని చోట్లా అలా ఉండదు. కానీ సిమెంటు విషయంలో మీతో ఒప్పుకుంటాను. వ్యర్థాల్లోని రేడియోధార్మిక పదార్థాల్లో సీజియం-137 అర్ధాయువు (సగం తగ్గడానికి పట్టే కాలం) 30 ఏళ్లు, అంటే 300 ఏళ్లకి వెయ్యో వంతు మిగులుతుంది, అప్పటిదాకా పాత్ర గట్టిగా ఉంటే నీరు గాజుని తాకనే తాకదు. టెక్నీషియం-99 అలా కాదు, 2 లక్షల ఏళ్లు దాటినా సగమే పోతుంది. దాన్ని ఆపాల్సింది గాజూ, చుట్టూ ఉన్న రాయీ, మట్టే.

నీటిచుక్క:
పగుళ్ల సంగతి నాకు తెలియదు, రోమన్ గాజుని తేలిగ్గా తీసేశాను. అయినా నీరు పారే రాతిలో పెడతామంటే మాత్రం నేను ఒప్పుకోను. సిమెంటు నీరు గాజు దాకా రాకుండా ఏం చేశారో కూడా ముందే చూపించాలి.