అప్‌డేట్: అన్నీ బయటోళ్ళతో చేయించి నడిపే యూట్యూబ్ ఛానల్ ఏమైందంటే

ముఖం చూపించకుండా స్క్రిప్ట్, వాయిస్, ఎడిటింగ్ మొత్తం డబ్బులిచ్చి చేయించి యూట్యూబ్‌లో సంపాదించొచ్చా అని అడిగినా కదా, ఏమైందని చాలామంది అడుగుతాండారు అందుకే రాస్తాండా. మానిటైజేషన్ (అంటే వీడియోల మీద యాడ్స్‌కి మనకు డబ్బులిచ్చేది) అయితే వచ్చేసింది. దానికి కావాల్సిన 1000 సబ్‌స్క్రైబర్లు ఈజీనే, 12 నెలల్లో 4000 గంటల వాచ్ టైమ్ కాడే ప్రాణం పోయింది, షార్ట్స్ ఫీడ్‌లో చూసిన టైమ్ దాంట్లో కలవదబ్బా.

ఎడిటర్ తెలుగోడు కాదు, రేటు తక్కువని ఇస్తే చంద్రగిరి కోట వీడియోలో హంపి ఫొటోలు పెట్టినాడు!! కామెంట్లలో మన తిరుపతోళ్ళు ఉతికి ఆరేసినారు. ఇంక లాభం లేదని ఎస్వీ యూనివర్సిటీలో చదివే మావూరి పిల్లోడికిచ్చినా, వాడు బండేసుకుని గుడిమల్లం పోయి సొంతంగా షూట్ చేసుకొచ్చి ఎడిట్ కూడా వాడే చేస్తాండాడు, డబ్బులు ఎక్కువే అడుగుతాడు గానీ జనాలు చివరిదాకా చూసేది ఆ వీడియోలే. పైగా 2025 జులై 15 నుంచి యూట్యూబోళ్ళు రూల్ ఇంకా క్లియర్‌గా చెప్పేసినారు, అచ్చు గుద్దినట్టు ఒకే మాదిరి వీడియోలు కుప్పలు తెప్పలుగా వదిలితే మానిటైజేషన్ ఉండదని.

డబ్బుల సంగతా? లాంగ్ వీడియో యాడ్స్‌లో మనకొచ్చేది 55 శాతం, 100 డాలర్లు దాటితేనే బ్యాంకులో పడేది. పడతాండాయి, కానీ పిల్లోడికి, వాయిస్‌కి ఇచ్చినాక మిగిలేది టీ ఖర్చులకే. "నిద్రపోతా సంపాదించండి" అని కోర్సులు అమ్మేటోళ్ళకే బాగా మిగుల్తాంది అనుకుంటా.

చిత్తూరు యాసలో వాయిస్ చెప్పేవాళ్ళు ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి, ఊరికే వద్దు, డబ్బులిస్తా.