స్టేడియాలు మూతపడిన ఏడాది ఐపీఎల్ ఎలా గట్టెక్కింది?

ప్రశ్న (కామర్స్ విద్యార్థి): 2020 మార్చి 29న మొదలు కావలసిన ఐపీఎల్ కరోనా వల్ల వాయిదా పడి, చివరకు సెప్టెంబరు 19 నుంచి నవంబరు 10 వరకు యూఏఈలో ప్రేక్షకులు లేకుండా జరిగింది. టికెట్ల ఆదాయం లేకుండా ఫ్రాంచైజీలు (జట్ల యాజమాన్యాలు) ఆ ఏడాదిని ఎలా తట్టుకున్నాయి? మిగతా లీగ్‌లకూ ఆ వెసులుబాటు ఉందా? ప్రాజెక్టు కోసం అడుగుతున్నాను, తెలిసినవారు వివరించగలరు.

క్రీడాభిమాని: ఐపీఎల్‌కు ప్రాణాధారం టికెట్లు కాదు, ప్రసార హక్కులు. 2018 నుంచి 2022 వరకు ఐదేళ్ల హక్కులను స్టార్ ఇండియా 16,347.5 కోట్ల రూపాయలకు దక్కించుకుంది. అందులో పెద్ద వాటా ఫ్రాంచైజీలకు చేరుతుంది కనుక, గ్యాలరీలు ఖాళీగా ఉన్నా మ్యాచ్ టీవీలో వస్తే లెక్క చాలావరకు సరిపోతుంది. అసలు జరగకపోతేనే ముప్పు. భారత క్రికెట్ బోర్డు టోర్నీని రద్దు చేయకుండా పరాయి దేశానికి తరలించి మరీ నిర్వహించడానికి కారణం ఇదే. ఆస్ట్రేలియాలో జరగవలసిన టీ20 ప్రపంచకప్ వాయిదా పడటంతో తేదీలు కూడా కలిసివచ్చాయి. అయితే నష్టం లేకపోలేదు. ఏడాదికి దాదాపు 440 కోట్లు ఇచ్చే చైనా ఫోన్ల కంపెనీ వివో తప్పుకోగా, టోర్నీ పేరుకు ముందు తమ పేరు పెట్టుకునే టైటిల్ స్పాన్సర్‌షిప్ డ్రీమ్11కు 222 కోట్లకే వెళ్లింది.

లెక్కల మనిషి: చిన్న సవరణ. వివో పక్కకు జరగడానికి ప్రధాన కారణం కరోనా కాదు, సరిహద్దులో చైనాతో జరిగిన గల్వాన్ ఘర్షణ తర్వాత చైనా కంపెనీలపై వచ్చిన వ్యతిరేకత. మీ ప్రాజెక్టులో ఆ రెండింటినీ కలపకండి. ఇక ఇతర క్రీడల విషయానికి వస్తే, 2020లో రద్దయిన వింబుల్డన్‌కు మహమ్మారిని కూడా కవర్ చేసే బీమా ఉండటంతో, ఆట లేకపోయినా 620 మంది క్రీడాకారులకు కోటి పౌండ్లు పంచగలిగింది. మన ప్రో కబడ్డీ 2020లో అసలు జరగలేదు. 2021 డిసెంబరు 22న బెంగళూరులో, అన్ని జట్లనూ ఒకేచోట ఉంచి, ప్రేక్షకులు లేకుండా మళ్లీ మొదలైంది.

ఉప్పల్ వాసి: పైవారు చెప్పింది నిజమే కానీ, అది ఒప్పందాలు చేతిలో ఉన్నవారి కథ. 2019 మే 12న ఫైనల్ జరిగిన మా ఉప్పల్ స్టేడియంలో మళ్లీ ఐపీఎల్ మ్యాచ్ జరిగింది 2023 ఏప్రిల్‌లోనే. మ్యాచ్ ఉన్న రోజు గేట్ల బయట నారింజ రంగు జెర్సీలు, జెండాలు అమ్మేవారికి, బుగ్గల మీద రంగులు వేసేవారికి ఆ నాలుగేళ్లూ ఆ రాబడి లేదు, ప్రసార హక్కుల సొమ్ములో వారికి వాటా ఉండదు. దేశవాళీ టోర్నీ అయిన రంజీ ట్రోఫీ ఆటగాళ్లనే తీసుకోండి: 2020–21లో టోర్నీ రద్దయితే, అంతకుముందు సీజన్ ఆడినవారికి మ్యాచ్ ఫీజులో 50 శాతం పరిహారంగా ఇస్తామని బోర్డు ప్రకటించింది 2021 సెప్టెంబరులో. ఆలస్యమైనా, బోర్డు రికార్డుల్లో పేరుంది కనుక వారికది దక్కింది. గేటు బయట బతికేవారి పేర్లు ఏ రికార్డులోనూ ఉండవు. లీగ్ ఎలా గట్టెక్కిందో రాసేటప్పుడు వీరి నష్టాన్ని కూడా దయచేసి లెక్కలోకి తీసుకోండి.